పక్కగదిలోని పరోపకారి

ఇంత తియ్యగా మాట్లాడటం ఈ మనిషికి వచ్చా, చేతిలో ఫోను, పొయ్యి మీద వెన్న, పక్కగదిలో టకటకమని కీబోర్డు, ప్రియమైన మిత్రమా, మీ ప్రశ్న చాలా మంచిది, తప్పులకు క్షమాపణ చెప్పకండి, అందరం తప్పులు చేసే నేర్చుకున్నాం అట, నమ్మలేక రోజెన్ మళ్ళీ చదివింది, ఎందుకంటే అది రాస్తున్నది గోడకవతల కూర్చున్న తన మొగుడు గిరెక్, బళ్ళో ఇంగ్లిషు పంతులు, రోజూ సాయంత్రం ఒక సైటులో ముక్కూమొహం తెలియనివాళ్ళకు ఉచితంగా వ్యాకరణం చెప్పే దానకర్ణుడు, అడుగుతున్నది తన పెళ్ళామని అతనికి తెలియదు, కెరటం అని దొంగపేరు పెట్టుకుంది, పెట్టుకోక ఏం చేస్తుంది, రేపు పొద్దున్నే ఈ ఫ్రాన్సు తీరంలోని రోస్కాఫ్ రేవులో టికెట్ కౌంటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ, ఇంగ్లండు ఓడలెక్కే వాళ్ళతో రోజంతా ఇంగ్లిషే, అది వస్తే సార్డీన్ల ఫ్యాక్టరీలో చేప తలలు కోసే పని వదులుతుంది, ఎంత తోమినా గోళ్ళలోంచి పోని ఆ నీచు కంపు వదులుతుంది.

పోయినవారం అతన్నే అడిగిందిగా, గిరెక్, ఇంటర్వ్యూలో చెప్పడానికి నా గురించి నాలుగు ముక్కలు రాసుకున్నా, కాస్త చూసిపెట్టవూ అని, చూశాడు, రెండో వాక్యం దగ్గరే కళ్ళజోడు తీసి పడేశాడు, నీకెందుకే ఈ తిప్పలు, నీకు చెప్పేకన్నా ఆ చేపలకి చెప్పడం నయం అన్నాడు, అది చాలదన్నట్టు ఆదివారం భోజనాల దగ్గర, అత్తగారూ తోడికోడలూ వింటుండగా, ఆమె ఇంగ్లిషు యాసను అచ్చం దించేశాడు, బల్లంతా గొల్లుమంది, తోడికోడలికి తాగుతున్న ఆపిల్ సైడర్ పొలమారింది, రోజెన్ కూడా నవ్వింది, ఛీ, అన్నిటికన్నా రోత అదే, తనూ నవ్వడం.

ఫోను మళ్ళీ కుయ్‌మంది, ఇందాక కెరటం పేరుతో తను పంపింది అవే నాలుగు ముక్కలు, అక్షరం మార్చలేదు, రెండో వాక్యం దాటి చదివుంటేగా గుర్తుపట్టడానికి, ఇప్పుడు అతని జవాబులో ఒక్కో వాక్యానికీ ఓపిగ్గా కారణం, ఉదాహరణ, చివర నవ్వుమొహం బొమ్మ, మీ మాటల్లో నిజాయితీ ఉంది, ఈ ఉద్యోగం మీకే రావాలి, థూ, ఏమేవ్, ఏదో మాడుతోంది, ముక్కుందా లేదా అంటూ ఆయనగారే వచ్చాడు, తాగే గిన్నెలో సైడర్ వంచుకున్నాడు, మొహం వెలిగిపోతోంది, పాపం ఎవరో ఆవిడ, రేపు ఇంటర్వ్యూ అట, చెప్పిందల్లా ఇట్టే పట్టేస్తోంది, ఎంత తెలివైందో, ఇంట్లో ఆదుకునే దిక్కు లేనట్టుంది అన్నాడు, నేనేరా అది అనబోయింది, నోటిదాకా వచ్చింది, అంటే ఏమవుతుంది, పడీపడీ నవ్వుతాడు, వచ్చే ఆదివారానికి ఇంకో కథ దొరుకుతుంది, మింగేసి పొయ్యి కట్టేసింది, అతను గిన్నె పట్టుకుని తన మిత్రురాలి దగ్గరికి వెళ్ళిపోయాడు, మళ్ళీ టకటక, ఇన్నేళ్ళూ తన బుర్రే మందమనుకుంది, కాకపోతే అతనికి ఓపిక తక్కువనుకుని సర్దుకుంది, ఓపిక ఉంది, దయా ఉంది, లోకమంతటికీ పంచిపెట్టేంత ఉంది, తనకి మాత్రం పెట్టకూడదనుకున్నాడు, అంతే.