దట్టీలు విప్పించిన రోజు

నేను ఒక పీరును. విప్పిన అరచేతి ఆకారంలో ఉన్న ఇత్తడిని. ఊళ్ళో చిల్లుపడ్డ చెంబులు, పగిలిన గంగాళాలు పోగుచేసి, కరిగించి, కంసాలి నన్ను పోతపోశాడు. ఆ రోజు నాకెవరూ మొక్కలేదు. పీర్ల చావడికి చేరి, దట్టీలనే పట్టుగుడ్డలు కట్టించుకుని, నిప్పుల గుండం చుట్టూ తిరిగాకే దేవుడినయ్యాను. మనుషులు తాము చేసిన వస్తువుకే తాము భయపడతారు. ఆ గుణం మొదట్లో నాకు ముచ్చటగానే ఉండేది.

పండగకు నన్ను ఎత్తేది, తర్వాత పెట్టెలో దాచేది చావడిని చూసుకునే ముజావరు బడేసాబు. చక్కెర చదివించడానికి వచ్చేవాళ్ళలో బోయలు, కాపులే ఎక్కువ. నాకు మొక్కుకుంటే పుట్టాడని ఒక బోయ తల్లి కొడుక్కి హుసేనప్ప అని పేరు పెట్టింది.

అవి కుంఫిణీ దొరలు పన్ను కట్టలేనివాళ్ళ పొలాలు లాక్కుంటున్న రోజులు. నలుగురు ఒకచోట నిలబడితే బంట్రోతులు తరిమేవారు. పీర్ల పండగకు మాత్రం గుంపు కూడవచ్చు. తిరుగుబాటు ఆ గుంపులోనే పుట్టింది. హుసేనప్ప, అతని తోటివాళ్ళు నామీద చెయ్యి వేసి, ఒకరినొకరు పట్టివ్వబోమని ఒట్టు పెట్టుకున్నారు.

"ఏందన్నా, ఈయేడు పీరుకు చక్కెర తక్కువైందే" అన్నాడొకడు.

"తెల్లోని ఖజానా నుంచి తెచ్చి పోస్తాంలే" అని హుసేనప్ప నవ్వాడు.

అన్నట్టే ఖజానా మీద పడ్డారు. తర్వాత కొండల్లోకి వెళ్ళిపోయారు. సిపాయిలు ఎంత వెతికినా దొరకలేదు.

అప్పుడు ఒక తెల్లదొర వెంట తాసిల్దారు వచ్చాడు. తాసిల్దారు తెల్లవాడు కాదు, పక్క ఊరివాడే. హుసేనప్ప భార్య తిప్పమ్మను చావడికి పిలిపించాడు. ఆమె చంకలో పాలుతాగే బిడ్డ. ఆ బిడ్డ కూడా నా మొక్కుబడే. నన్ను ముట్టుకుని అబద్ధమాడితే కన్నబిడ్డ దక్కదని ఊరంతా నమ్మేది.

"పీరును దించు సాయిబూ" అన్నాడు తాసిల్దారు.

"పండగ కాకుండా పెట్టె తెరవగూడదు సామీ."

"తెరువు. లేకుంటే పెట్టెతో సహా కరిగిపిస్తా."

బడేసాబు పెట్టె తెరిచాడు. లోపలున్న దట్టీలన్నీ ఒకదాని మీద ఒకటి నాకు చుట్టాడు. ఇత్తడి ఎక్కడా కనబడలేదు. గుడ్డ మీద పెట్టిన ఒట్టు గుడ్డకే చెల్లుతుందని ఆ ఊళ్ళో పసివాళ్ళకు కూడా తెలుసు.

"ధైర్యంగా చెయ్యి పెట్టు బిడ్డా" అన్నాడు ముసలాయన.

తిప్పమ్మకు అర్థమైంది. చెయ్యి చాచింది.

"ఆగు" అన్నాడు తాసిల్దారు. "సాయిబూ, దట్టీలు విప్పు."

"విప్పగూడదు సామీ..."

"నాకు చెప్తావా? మా యమ్మ నన్ను ఈ పీరుకే మొక్కి కనింది."

పక్కన కూర్చున్న దొరకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కావలసిన అవసరమూ లేదు. అన్నీ తెలిసినవాణ్ణి జీతానికి పెట్టుకున్నాడు.

బడేసాబు దట్టీలు ఒక్కొక్కటే విప్పాడు. తిప్పమ్మ అరచెయ్యి నా అరచేతికి ఆనింది. చెమటతో తడిసి ఉంది.

"నీ మొగుడు యాడుండాడో తెలీదని చెప్పు. చెప్పి ఇంటికి పో" అన్నాడు తాసిల్దారు.

చెప్పెయ్యమ్మా, నేను చెంబును, పాత గంగాళాన్ని అని అరవాలనిపించింది. ఇత్తడికి నోరుండదు. ఆమె బిడ్డ వైపు చూసింది.

"జాలకోనలో" అంది.

హుసేనప్పను, అతని వాళ్ళను చావడి ముందరి బయలులోనే ఉరి తీశారు.

"చూసినారా, పీరు ముందర అబద్దం నిలవలే" అని ఊరు చెప్పుకుంది. నా మహిమ చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. గట్టు తగాదాలకు, దొంగతనాలకు దూరం నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నా దీపానికని కుంఫిణీ వారు మాన్యం కూడా ఇచ్చారు. నామీద ఒట్టేసి తమపై తిరగబడినవాళ్ళను చంపి, నాకే నూనె పోశారు. బడేసాబు మాత్రం మళ్ళీ నన్ను ఎత్తలేదు. ఎవరైనా అడిగితే భుజం నొప్పి అనేవాడు.

మరుసటి పండగకు తిప్పమ్మ వచ్చింది. చక్కెర తేలేదు. జనం పలచబడేదాకా గోడవారగా నిలబడి, తర్వాత నా ముందుకు వచ్చింది. ఇరుగమ్మను అడిగినట్టు, మెల్లగా అడిగింది.

"ఆ పొద్దు నేను అబద్దం చెప్పింటే, నా బిడ్డను నిజంగానే తీసకపోయేవానివా సామీ?"

జవాబు కోసం నిలబడింది. చంకలో బిడ్డ దట్టీ అంచు పట్టుకుని లాగుతున్నాడు. వాడి పిడికిలి విప్పించి, వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏ పండగకూ రాలేదు.

ఇప్పటికీ నేను చావడిలోనే ఉన్నాను. ఏటా కొత్త దట్టీలు కడుతున్నారు. బిడ్డల్ని తెచ్చి నా ముందు వంచి, చల్లగా చూడమంటున్నారు. ఆమెకు చెప్పలేకపోయాను, మీకు చెబుతున్నాను. ఆ బిడ్డను ఏమీ చేసేదాన్ని కాదు.