చెప్పులు విడిచే చోటు

కంప్యూటర్ తెరను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని శామ్యూల్ ఆటోలో కూర్చున్నాడు. తార్నాక చౌరస్తా దాటి యూనివర్సిటీ లోపలికి మళ్లేసరికి, మే నెల ఎండకు దుప్పటి కింద తొడలు ఉడికిపోతున్నాయి. పక్కన యజమాని నరహరి గతుకు వచ్చినప్పుడల్లా "పైలం, పైలం" అంటున్నాడు. ఆ జాగ్రత్త తెరకే గాని శామ్యూల్‌కు కాదు.

అది తొంభై ఏడో సంవత్సరం. రెండేళ్ల కిందటి దాకా ప్లాటు అమ్మాలంటే నరహరి కొనేవాళ్లను వ్యానెక్కించి ఊరి బయటికి తీసుకుపోవాల్సి వచ్చేది. వాళ్లు నేలను కాలితో తన్ని చూసేవాళ్లు, పక్క చేలో ఉన్నవాళ్లను నాలుగు మాటలడిగేవాళ్లు. ఇప్పుడా పీడ వదిలింది. తార్నాకలో ఏసీ గది, గదిలో కంప్యూటర్, కంప్యూటర్లో రంగుల బొమ్మ. మహానుభావులు బొమ్మను చూసి బయానా ఇచ్చి పోతున్నారు. దుమ్ము పడితే మిషన్ పాడవుతుందని, ఎంతవాడైనా చెప్పులు గడప బయటే విడవాలని నరహరి కట్టడి.

ఆ బొమ్మలు గీసేవాడు శామ్యూల్. వారాసిగూడలో అద్దె గది, కోచింగ్ సెంటర్లో నేర్చుకున్న పని, పద్దెనిమిది వందల జీతం. మొన్న చలికాలంలో నరహరి కొత్తగా కొన్న భూమి కొలతలు తెచ్చి ముందర పెట్టినప్పుడు అతను ఊరి పేరు రెండుసార్లు చదువుకున్నాడు. అది తన ఊరు. తూర్పు మూల తన వాడవాళ్లను పూడ్చే బొందలగడ్డ. ఎప్పుడో దొర నోటిమాటగా ఇచ్చిన జాగ, కాగితం లేదు. దొర మనవడు దాన్నీ కలిపి అమ్మేశాడు. శామ్యూల్ అవ్వ, కన్నతల్లి సోమమ్మ, అక్కడే మట్టిలో ఉంది. రాయి పెట్టించే స్తోమత లేక మట్టి దిబ్బ పోసి, ఏటా సమాధుల పండుగకు సున్నం కొడుతున్నారు.

ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. నరహరికి చెబితే నౌకరీ పోతుందని భయం, ఊళ్లో చెబితే గొడవకు తానే కారణమవుతానని భయం. ఆ మూలను పచ్చరంగుతో నింపి పార్కు అని రాసి ఊరుకున్నాడు. పార్కును ఎవరూ తవ్వరులే అని తన తెలివికి తానే మురిసిపోయాడు, పిచ్చివాడు.

కానీ ఆనాటి నుంచి ఆ గది గడప దగ్గర చెప్పులు విడిచినప్పుడల్లా లోపలికి పోవడానికి వెనకాడేవాడు. బొందలగడ్డకు పోయినా వాళ్లు చెప్పులు బయటే విడుస్తారు. తెర మీద బాణం ఆ పచ్చమూలకు చేరితే అవ్వ రొమ్ము మీద కాలు పెట్టినట్టయ్యేది. పట్టపగలు, ఏసీ హోరులోంచి, "బరువైతాంది కొడుకా" అని అవ్వ గొంతు వినిపించేది.

ఆ రోజు పొద్దున నరహరి వచ్చీ రాగానే అన్నాడు. "పార్కు తీసెయ్ శామ్యూల్. గాడ ఆరు ప్లాట్లు పడతయి. రేపు డోజర్ పంపిస్తున్న."

శామ్యూల్ తీసేశాడు. ఒక్క మీట నొక్కితే పచ్చరంగు పోయింది. అవ్వకు గుంట తవ్విన నాడు ఆ నేల గట్టిదనానికి నలుగురి చేతులు బొబ్బలెక్కాయి.

యూనివర్సిటీ ఉద్యోగుల హాల్లో, వాళ్లకు ప్లాట్లు చూపించడానికి బల్ల మీద తెర నిలబెట్టారు. నరహరి చెప్పుల కోసం గుమ్మం బయట చాప పరిపించాడు. వచ్చినవాళ్లంతా చెప్పులు విడిచి, పూజకు వచ్చినంత అణకువగా కూర్చున్నారు. ముందు వరుసలో లైబ్రరీ ఉద్యోగి కాత్యాయని బొమ్మను కళ్లార్పకుండా చూస్తోంది. చాలాకాలంగా సొంత ఇంటి కోసం కూడబెట్టుకుంటున్న మనిషి.

"ఆ తూర్పు మూల ప్లాటు బాగనిపిస్తున్నది సార్. ఇప్పుడు గాడ ఏమున్నది?"

"ఏముంటది మేడమ్, ఖాళీ జాగ. శామ్యూల్, పెద్దగ చేసి సూపెట్టు."

బాణం మూల దాకా పోయి ఆగింది.

"మా అవ్వ ఉన్నది మేడమ్," అన్నాడు. "మా వాడోళ్లందరు గాడనే ఉన్నరు. అది బొందలగడ్డ."

నరహరి నవ్వాడు. "ఎండల వచ్చిండు, తల తిరిగినట్టున్నది." వంగి అతని చెవిలో అన్నాడు, "నౌకరీ ఉండాల్నా వద్దా? పెద్దగ చెయ్."

"చెయ్య సార్." శామ్యూల్ మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "గీ మిషన్ కాడ అందరితోని చెప్పులు ఇడిపిస్తిరి. రేపు గాడికి డోజర్ తోలుతనంటున్నరు. నేను చెయ్య."

 హాల్లోంచి ఎవరూ లేచి బయటికి పోలేదు. తెర మీద ఆరు గళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. కాత్యాయని కాసేపు వాటినే చూసింది. తర్వాత, పాదాల కింద ఎవరో ఉన్నట్టు, తన ఉత్తకాళ్లను మెల్లగా కుర్చీ కిందికి లాక్కుంది.