ఒకటిన్నర కప్పు ఉప్పు

నేను అచ్చుతప్పులు దిద్దే మనిషిని. ఇరవై రెండేళ్లుగా ఒకే ప్రెస్సులో, ఒకే కిటికీ పక్కన కూర్చుని ఊడిన ఒత్తులూ జారిన దీర్ఘాలూ ఏరుతున్నాను. పెళ్లిళ్లకు వెళ్లినా శుభలేఖలోని తప్పులు చెప్పకుండా భోంచెయ్యను. అందుకే మమ్మల్ని పిలిచేవాళ్లు తగ్గిపోయారు.

ఆ మధ్య మా ప్రెస్సులో ఒక వంటల పుస్తకం అచ్చయింది. దాని ప్రూఫులు చూసిన వారం రోజుల్లోనే నాకు వంట వచ్చేసిందనిపించింది. ఒకరోజు భోజనాల దగ్గర మా ఆవిడతో, వంటలో ఏముంది, శ్రద్ధగా చదవడం వస్తే చాలని అనేశాను. కొరివితో తల గోక్కోవడం నాకు కొత్త కాదు. ఆవిడ మజ్జిగ వంచుకుంటూ నెమ్మదిగా అంది:

"అయితే ఆదివారం మీరే వండండి. మా అమ్మ కూడా వస్తుంది."

పుస్తకంలో అన్నింటికన్నా తేలికైన వంట ఎంచుకున్నాను. పాస్తా ఉడికించి, ఆలివ్ నూనెలో వెల్లుల్లీ టమాటాలూ మగ్గించి, రెండూ కలిపి, పైన నాలుగు నల్ల ఆలివ్‌లూ కాస్త చీజ్ తురుమూ వెయ్యాలి. అంతే.

ఆదివారం పొద్దున్నే పుస్తకాన్ని పొయ్యి గట్టు మీద డబ్బాకు ఆనించి నిలబెట్టాను. వెల్లుల్లి రెబ్బలను ఎంత సన్నగా కోశానంటే, వాటి అవతల అక్షరాలు కనబడ్డాయి. గిన్నెలో నీళ్లు మరిగాయి. 'ఉప్పు: ఒకటిన్నర కప్పు' అని ఉంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కానీ అచ్చులో తప్పుంటే నా కన్ను దాటిపోతుందా? ఎత్తి పోశాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి, నిన్న నింపిన ఉప్పు డబ్బా ఏమైందని అడిగింది. పుస్తకం ప్రకారమే వేశానన్నాను. ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది. మౌనం అర్ధాంగీకారమంటారు. మిగతా సగం ఏమిటో ఆ మధ్యాహ్నం తెలిసింది.

పాస్తా చూడటానికి నిగనిగలాడుతూ ఉంది. మొదట అత్తగారికే వడ్డించాను. ఒక ముద్ద తిని ఆవిడ మంచినీళ్లు తాగింది. ఇంకో గ్లాసు అడిగి అదీ తాగింది. ఏమైనా మాట్లాడుతుందని చెంచా పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

"నిలవ ఉంటుంది బాబూ," అంది.

నేను నోట్లో పెట్టుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వెంటనే పుస్తకం తెచ్చి ఆ వరుస పైకి చదివి వినిపించాను. మా ఆవిడ పుస్తకం అందుకుని ఆ పేజీ వంక చూడనైనా చూడలేదు. మొదటి కాగితాలు తిప్పి, ఒకచోట వేలు పెట్టి నా ముందుంచింది. 'అచ్చుతప్పులు దిద్దినవారు' అని ఉంది, కింద నా పేరు. యజమానిని రెండు నెలలు బతిమాలి నేనే వేయించుకున్న పేరు.

అప్పుడు చూశాను. పై వరుసలో పాస్తా ఒకటిన్నర కప్పు. కింద ఉప్పు ఒకటిన్నర చెంచా ఉండాల్సిన చోట కంపోజిటర్ పై వరుసలోని కప్పే మళ్లీ కొట్టాడు. మూడుసార్లు చదివాను దాన్ని. కప్పులో ఒత్తు సరిగ్గా ఉందా లేదా అనే చూసి ఉంటాను.

మా ఆవిడ లేచి మళ్లీ నీళ్లు పెట్టింది. నేను వెల్లుల్లి వొలిచాను. అరగంటలో ముగ్గురం తిన్నాం. అత్తగారు రెండోసారి వడ్డించుకుంది.

సోమవారం యజమానికి నిజం చెప్పేశాను. తల పట్టుకుని, ఇంకా కొట్లకు పంపని ఆరువందల పుస్తకాల్లో సవరణ చీటీ అతికించమన్నాడు. మిగతా వంటలైనా ఎవరిచేతనైనా సరిచూపించమన్నాడు.

ఆ సాయంత్రం పుస్తకాల కట్టలతో, అచ్చేసిన ఉప్పు సవరణ చీటీలతో ఇంటికి వచ్చాను. మా ఆవిడ ఒక పుస్తకమూ పెన్సిలూ తీసుకుని కూర్చుంది. ఇరవై పేజీల్లో నాలుగు తప్పులు పట్టింది. ఒకచోట రొట్టెను ఓవెన్లో నలభై గంటలు ఉంచమన్నాం. ఆవిడ చెబుతూ ఉంటే రాసుకుని, పక్కన కూర్చుని చీటీలకు జిగురు పూశాను.