పదమూడో తాళంచెవి

నాలుగు గంటల బస్సు వెళ్ళిపోయింది. రహమత్‌బీ తలెత్తి చూడలేదు, చప్పుడు మాత్రం విన్నది. వెనకగదిలో నేలమీద పాత తువ్వాలు పరుచుకుని, మొదటి రివాల్వరు తూటాల చక్రాన్ని పక్కకు తెరిచి, ఆరు కన్నాల్లోనూ ఒక్కొక్కదాంట్లో నూనె బ్రష్షు దూర్చి తిప్పుతోంది. షార్జా ఊరి బయట, సజ్జా ఫ్యాక్టరీలు దాటాక ఇసుకలో ఉన్న షూటింగ్ క్లబ్బు అది. స్థితిపరులు వచ్చి అట్టబొమ్మల మీద తూటాలు కాల్చి, కాఫీ తాగి పోతుంటారు. తుపాకులు దాచే స్టోరును చూసుకునేది ఆమె మొగుడు జిలానీ బాషా. ఆమె ఉద్యోగం టీలు పెట్టడం, నేల తుడవడం. పొద్దున ఏడింటికి మొదలై సాయంత్రం నాలుక్కి ఖలాస్.

ఖలాస్ కావాలి గానీ కాదు. అజ్మాన్‌లో వాళ్ళుండే ఒంటిగది ఇంటికి రెండు తాళంచెవులు ఇచ్చారు. ఒకటి జిలానీ ఊరికి పోయినప్పుడు అక్కడే మరిచి వచ్చాడు, రెండోది అతని గుత్తిలో ఉంటుంది. అతని డ్యూటీ ఎనిమిది దాకా. అంటే ఎనిమిది దాకా ఆమెకు ఇల్లు లేదు. వచ్చిన కొత్తలోనే ఇంకో చెవి చేయించమని అడిగింది. "నువ్వు యాడన్నా పారేస్తావ్‌మే. తలుపు తీసేదానికి నేను ఉండంగా నీకెందుకు?" అన్నాడు, ఒకటి పారేసిన మనిషి. రాయచోటి నుంచి అత్త ఖతీజాబీ ఫోనులో ఇంకో మాట కలిపింది. "ఇంటిచెవి మొగోని జేబులో ఉంటేనే ఇంటికి బర్కత్." ఆమె బర్కత్ అంతా వంటింట్లో మసి అయిపోయిన సంగతి రహమత్‌బీ కళ్ళారా చూసింది, కానీ అత్తతో వాదం పెట్టుకుని గెలిచిన కోడలు ఎక్కడుంది?

"ఊరికే కూచుంటే నలుగురూ ఏమనుకుంటారు, ఈ తుపాకులన్నా తుడువు" అని జిలానీ ఒకరోజు తువ్వాలు చేతిలో పెట్టాడు. ఆ ఒకరోజు మూడేళ్ళయింది. ఎవరూ నేర్పకుండానే చక్రం తెరవడం, మసి తీయడం, గొట్టంలోంచి వెలుతురు చూడటం ఆమెకు వచ్చేశాయి. క్లబ్బు మేనేజరును అందరూ ముదీర్ అనే పిలుస్తారు. ఆయన అప్పుడప్పుడూ వచ్చి, మెరుస్తున్న తుపాకుల్ని చూసి జిలానీ భుజం తడతాడు. "జిలానీ, నీ చేతిలో ఏదో ఉంది!" ఆ చేతికి నూనె వాసన ఎందుకు రావడం లేదో ఆయన ఏనాడూ ఆలోచించలేదు.

ఆ ఏడాది, అంటే రెండువేల ఆరులో, క్లబ్బుకు ఆరు కొత్త రివాల్వర్లు వచ్చాయి. వాటికో వింత ఉంది. ఒంట్లోనే తాళం. ఎడమవైపు కందిగింజంత కన్నం, దాంట్లో పిన్నీసంత చెవి పెట్టి తిప్పితే, వెనక సుత్తి పక్కన చిన్న ఇనుప నాలుక పైకి లేస్తుంది. ఇక ట్రిగ్గర్ కదలదు. ఒక్కోదానికీ రెండేసి చెవులు వచ్చాయి. పన్నెండింటినీ జిలానీ ఇంటిచెవి పక్కనే గుత్తికి గుచ్చుకుని, మువ్వలెద్దులా గలగలమంటూ తిరిగాడు. ఒక చెవి ఆరింటికీ పడుతుందన్న సంగతి రహమత్‌బీ రెండోరోజే కనిపెట్టింది. అతనికి చెప్పలేదు. పాపం, ఆ గలగల పోతుందని.

కాఫీ గదిలో మాత్రం పెద్ద రగడే మొదలైంది. కాలుస్తుంటే పుట్టే అదురుకు తాళం తనంతట తనే పడిపోతుందని ఒకాయన. అదంతా పుకారు, ఇంట్లో పిల్లలున్నవాళ్ళకు తాళమే మంచిదని ఇంకొకాయన. పాతవాటికి తాళం ఉండేదా, అవి పేలలేదా అని మూడో ఆయన. రహమత్‌బీ కప్పులు పెడుతూ, తీస్తూ అన్నీ విన్నది. ఇంతమంది ఇంత గట్టిగా మాట్లాడుతున్నారే, ఒక్కడైనా పట్టి చూశాడా అని ఆమెకు విసుగేసింది. ముదీర్ చివరికి రెండు నెలలు వాడిచూద్దాం అన్నాడు. తాళం వల్ల భయం ఉంటే ఆరూ వెనక్కి పంపాలి, లేకపోతే ఇంకో పది తెప్పించాలి. రిపోర్టు రాయాల్సింది జిలానీ. "దాంట్లో చూసేదేముంది, బాగుంది అని రాస్తే సరిపాయె" అన్నాడు జిలానీ ఇంటికి పోతూ బస్సులో.

రహమత్‌బీకి మాత్రం చూడాలనిపించింది. రాయచోటిలో జాకెట్లు కుట్టే రోజుల్లో మిషను అదురుకు స్క్రూలు వదులవుతుండేవి. ఏ స్క్రూ కదిలిందో తెలియడానికి దాని తల మీదుగా రంగుతో ఒక గీత గీసి పెట్టుకునేది. గీత విరిగితే స్క్రూ తిరిగినట్టు. ఇక్కడ రంగెక్కడిది? ఉంది. పెళ్ళయిన కొత్తలో జిలానీ కొనిచ్చిన ఎర్ర నెయిల్ పాలిష్. అది వేసుకుంటే నమాజుకు ముందు కాళ్ళూచేతులూ కడుక్కునే వజూ చెల్లదు కాబట్టి నమాజు లేని ఆ నాలుగు రోజులే వేసుకునేది, అదీ గుర్తుంటే. సీసా ముప్పావు వంతు అలాగే ఉంది. ఒక సాయంత్రం ఆరు రివాల్వర్ల మీదా తాళంలో తిరిగే ముక్కకు సగం, పక్కన కదలని ఇనుముకు సగం తగిలేలా వెంట్రుకంత గీత గీసింది. రోజూ తుడిచేటప్పుడు ఆ చోట మసి తీసే మందు తగలనివ్వకుండా జాగ్రత్తపడింది, గీతను చూసుకుంది. ఎవరూ అడగని పని, ఎవరికీ చెప్పని పని. చాన్నాళ్ళకు ఒక సంగతి తన కోసం తాను తెలుసుకోబోతున్నానని ఆమెకు భలే సంతోషంగా ఉండేది. ఆరువారాలు గడిచాయి. ఒక్క గీతా విరగలేదు.

సోమవారాలు పది నుంచి ఒంటిగంట దాకా ఆడవాళ్ళవి. ఆ మూడు గంటలూ మగపురుగు హాల్లోకి రాకూడదు. జిలానీ తలుపు బయటే రివాల్వర్ల ట్రే అందిస్తే, రహమత్‌బీ లోపలికి మోసుకెళ్ళి వరసగా పెడుతుంది. నేర్పే ఆవిడ హెస్సా మేడం, ఒకప్పుడు పోలీసు. హిందీ గలగలా మాట్లాడుతుంది. ఆ సోమవారం ఒక అమ్మాయి మూడో నంబరు రివాల్వరు అందుకుని, తూటాలు పెట్టుకుని, గురిచూసి నొక్కింది. కదల్లేదు. మేడం నొక్కింది. కదల్లేదు. వెనక ఇనుప నాలుక పైకి లేచి ఉంది.

"వాళ్ళు చెప్పింది నిజమే, తాళం దానంతటదే పడింది!" అని ఆ అమ్మాయి కేకేసింది. ఆడవాళ్ళంతా చేతుల్లో ఉన్నవి కింద పెట్టేశారు. చెవి ఎక్కడ? జిలానీ దగ్గర. జిలానీ ఎక్కడ? తలుపు అవతల బస్సు డ్రైవరు చాంద్ బాషా చెప్పాడు, క్లబ్బు వ్యాను టైరు మార్పించడానికి సజ్జా పోయాడని. ఫోను చేస్తే ఎత్తడం లేదు. ఏ ఒక్కటైనా చాలే చెవులు పన్నెండూ అతని నడుముకే వేలాడుతూ ఎక్కడో టైర్ల కొట్లో ఉన్నాయి. "నేను పోలీసులో ఉండగా ఇలా అయితే, ఎదుటి దొంగను కాసేపు ఆగమని బతిమాలాలా?" అంది మేడం. గంటసేపు చూసి అందరూ లేచిపోయారు.

రహమత్‌బీ చక్రం తెరిచి తూటాలు తీసేసి, మూడో నంబరును వెనకగదిలోకి తీసుకుపోయింది. ఎర్రగీత రెండు ముక్కలై ఉంది. అయితే నిజంగానే తిరిగిందా? మళ్ళీ ఆగి, అలవాటు కొద్దీ గొట్టంలోంచి వెలుతురు చూసింది. అద్దంలా ఉంది. చక్రం కన్నాల్లో చూసింది, మసి లేదు. వాసన చూసింది, నిన్న తను పూసిన నూనె వాసన తప్ప ఇంకేమీ లేదు. ఒక్క తూటా కూడా పేల్చని తుపాకీకి అదురు ఎక్కడిది? అది హాల్లోకి రాకముందే తాళం పడి ఉంది. ట్రే మోసింది తనే, నాలుక చూడకుండా మోసింది. ఆ తప్పు తనది. మరి తాళం వేసింది? నిన్న సాయంత్రం ముందుగదిలోంచి వినబడిన జిలానీ గొంతు అప్పుడు గుర్తొచ్చింది. ఎవరో ఇద్దరికి చూపిస్తున్నాడు. "దేఖో భాయ్, ఇట్ల తిప్పితే ఖలాస్!"

జిలానీ వచ్చాక చెప్పింది. అతని మొహం పాలిపోయింది. "మళ్ళా తీసినాననే అనుకుంటిని గదా..." అని, అంతలోనే సర్దుకున్నాడు. "అదంతా వద్దు. తాళం దానంతటదే పడిందని రాసేస్తా. కాఫీ గదిలో సగంమంది ఆ మాటే అంటాండారు, ఎవురడుగుతారు? నువ్వు నోరెత్తాకు. నీ వీసా ఎవురి మీద ఉందో తెల్సుగదా."

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వ్యవహారం. ఆ సాయంత్రం తుడుస్తూ ఆమె ఆలోచిస్తూనే ఉంది. ఆరు తుపాకులు వెనక్కి పోతే తనకు పోయేదేమిటి? ఏమీ లేదు. తాళానికి చెడ్డపేరొస్తే అది ఏడుస్తుందా? మొగుడి మాట నిలబడుతుంది, బస్సులో పక్కన కూర్చుని పల్లీలు కొనిపెడతాడు, ఇంటికి పోయి ఆమె రొట్టెలు చేస్తుంది, అంతా మామూలే. ఆమె వీసా అతని పేరు మీదే, అతను కాదంటే ఊరికి పోవాల్సిందే. ఆ మాట అతను అనడం మొదటిసారి కాదు. కూరలో ఉప్పెక్కువైనప్పుడు కూడా అన్నాడు. కానీ ఎప్పుడూ రానంత కోపం ఇప్పుడు ఎందుకొస్తోందో ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. చూసుకుంటే, మూడేళ్ళలో ఆ గదిలో ఆమె చేసిందంతా అతని ఖాతాలోకి పోయింది. మెరుపు అతనిది, శభాష్ అతనిది. ఆ ఆరు గీతలే ఆమెవి. అవి ఆరువారాలుగా నిజం చెబుతుంటే, వాటితో కూడా అబద్ధం చెప్పించాలా?

మర్నాడు ముదీర్ గదిలోకి టీ తీసుకువెళ్ళేసరికి హెస్సా మేడం కూడా ఉంది. జిలానీ నిలబడి రిపోర్టు చదివాడు. అదురుకు తాళం పడింది, భయపడాల్సిందే, వెనక్కి పంపడం మేలు.

"ఎన్ని తూటాలు కాల్చాక పడింది?" అంది మేడం, నిన్న తను అక్కడే ఉన్నా ఏమీ తెలియనట్టు.

"నాలుగైదు ఉంటాయి మేడం."

రహమత్‌బీ ట్రే బల్ల మీద పెట్టింది. "ఒక్కటి కూడా లేదు" అంది హిందీలో.

గొట్టంలో మసి లేకపోవడం చెప్పింది. మిగతా ఐదింటినీ తెప్పించి, విరగని గీతలు చూపించింది. మూడోదానికి తాళం చెవితోనే పడిందని చెప్పింది. ఎవరు వేశారో చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది, గుత్తి అతని నడుముకే ఉంది.

"ఈ రంగు పెట్టమని నీకెవరు చెప్పారు?" అన్నాడు ముదీర్.

"ఎవరూ చెప్పలేదు సార్. చూడాలనిపించింది."

మేడం రివాల్వరును వెలుతురుకు ఎత్తి ఆ గీతను చాలాసేపు చూసింది. "అయితే నువ్వే చెప్పు. ఈ తాళం వల్ల భయం ఉందా, లేదా?"

ముగ్గురూ తన జవాబు కోసం ఆగడం రహమత్‌బీకి కొత్త. తొందరపడలేదు. "ఆరువారాల్లో దానంతటది పడలేదు మేడం. ఆరువారాలు చాలవు, ఇంకా చూడాలి. కానీ నాకు తాళమంటే భయం లేదు. వాడేవాళ్ళు లోపలుంటే, చెవి బయట ఇంకొకరి నడుముకు ఉందే, అదే నాకు భయం."

మేడం పకపకా నవ్వింది. ముదీర్ నవ్వలేదు గానీ తలూపాడు. రివాల్వర్లు ఉంటాయి, ఒక చెవి ఆడవాళ్ళ హాల్లో మేకుకు వేలాడాలి అన్నాడు. జిలానీ వేళ్ళు ఎర్రబడేలా గుత్తిలోంచి ఒకదాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. "మాషా అల్లా, మంచి చూపమ్మా నీది. ఇలాగే తుడుస్తూ ఉండు" అన్నాడు ముదీర్ ఆమెతో. నాలుక్కి డ్యూటీ దిగే మనిషి సాయంత్రాలు అక్కడెందుకు ఉంటోందని మాత్రం అడగలేదు.

బస్సు షార్జా దాటాక జిలానీ అన్నాడు. "పరువు దీస్తివి."

"నీ పేరు చెప్పలేదే నేను."

"చెవులన్నీ నా కాడ ఉంటే పేరు జెప్పాల్నా?"

"ఒకటి తగ్గింది గదా. ఇంటిది గూడా నాకొకటి చేపియ్యి."

"తుపాకీ వేరు, ఇల్లు వేరు" అని అతను కిటికీ వైపు తిరిగాడు. పల్లీలు కొనలేదు.

శుక్రవారం జుమా నమాజు అయ్యాక కడుపునిండా తిని పడుకున్నాడు. గుత్తి మేకుకు ఉంది. రహమత్‌బీ బురఖా తగిలించుకుని, గుత్తి పట్టుకుని, సందు చివర తాళంచెవులు చేసే మలబారీ కొట్టుకు నడిచింది. ఏదని అతను అడిగితే పెద్దదాన్ని చూపించింది. మిషను కీచుమంటూ ఇనుపరజను రాల్చింది. కొత్త చెవి చేతిలో పెడితే ఇంకా వెచ్చగా ఉంది. గుత్తిని మళ్ళీ మేకుకు తగిలించి, తనదాన్ని పిన్నీసుతో నల్లపూసల దండకు గుచ్చుకుంది.

శనివారం నాలుగు గంటలకు బస్సెక్కింది. "ఏమక్కా, అన్న రాలే?" అన్నాడు చాంద్ బాషా. "అన్న డ్యూటీ ఎనిమిది దాకా గదా" అంది. అజ్మాన్‌లో ఎండ ఇంకా గోడల మీదే ఉంది. ఆ వేళప్పుడు తను ఒక్కతే ఉంటే ఇల్లు ఎలా ఉంటుందో ఆమె మూడేళ్ళలో చూడలేదు. కిటికీలోంచి వెలుతురు మంచం దాకా వస్తోంది. ఒక్క కప్పు టీ పెట్టుకుంది, ఎవరికీ అందించకుండా కూర్చుని తాగింది.

ఆరు కావస్తుండగా ఫోను మోగింది.

"తుపాకులన్నీ ఎక్కడివక్కడే ఉండాయి. యాడుండావ్‌మే?"

"ఇంట్లో."

అవతల గుత్తి గలగలలాడటం ఆమెకు స్పష్టంగా వినిపించింది, ఒక్కొక్క చెవినీ జరుపుకుంటూ వెతుకుతున్నాడు. గలగల ఆగింది.

"ఇంటిచెవి నా కాడనే ఉండాదే!"

"ఉంటాది" అంది రహమత్‌బీ. "అది నీది."