సావిత్రమ్మ చేతిలో కరెంటు

పొద్దున పాలు కాగే వేళకు కబ్బన్‌పేట సందులో ఎవరో ఒకరు బల్బు పట్టుకుని సావిత్రమ్మ గడప దగ్గరికి వస్తారు. ఆ రోజు ఎదురింటి గౌరమ్మ వచ్చింది. కొంగులో చుట్టి తెచ్చిన బల్బును సావిత్రమ్మ చేతికిచ్చి మెట్టు మీద కూర్చుంది. సావిత్రమ్మ దాన్ని అరచేతిలో నిలబెట్టుకుంది. బల్బు మెల్లగా వెలిగింది.

"ఇది బాగానే ఉండాది గౌరీ. హోల్డరు పోయుంటాది చూడు."

"నేనూ అదే అనుకుంటి. సరే గానీ అక్కా, రవంత కొత్తిమీర ఉంటే ఇయ్యి."

ఆ సందులో ఎవరూ టెస్టరు కొనుక్కోలేదు. భర్త వెంకటేశప్ప పోయిన ఏడు, వానల్లో, సావిత్రమ్మ చేతుల్లోకి కరెంటు వచ్చింది. అప్పటినుంచి ఆమె సెల్‌ఫోను పట్టుకుంటే అది చచ్చిపోయేది. అందుకని ఊళ్ళో చుట్టాలతో మాట్లాడాలంటే కోడలు అర్చన ఫోనును స్పీకరులో పెట్టి కిటికీలో ఉంచేది, ఈమె గది ఈ చివర నుంచి గట్టిగా మాట్లాడేది.

ఆ ఇల్లు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటిగా ఉంటుంది. ముందు గది, నడిమిల్లు, వంటిల్లు, ఆ వెనక కొళాయి ఉన్న చిన్న వాకిలి. నడిమింట్లో ఒకప్పుడు వెంకటేశప్ప గుంట మగ్గం ఉండేది. గుంట పూడ్చి, గచ్చు చేయించి, దాని మీద ఇప్పుడు అర్చన కంప్యూటరు బల్ల వేసుకుంది. ఆమెది ధర్మవరం, నేతపని ఇల్లు. పవర్‌లూములకు చీరల అంచులు, కొంగులు కంప్యూటరు మీద గీసిస్తుంది. సావిత్రమ్మ కొడుకు యశ్వంత్ తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి జిగణి ఫ్యాక్టరీకి పోతాడు. పగలంతా ఇంట్లో అత్తాకోడళ్ళే.

గౌరమ్మ కొత్తిమీర తీసుకుని వెళ్ళిన కాసేపటికి నడిమింట్లోంచి అర్చన నిట్టూర్పు వినబడింది.

"మళ్ళీనా?" అంది సావిత్రమ్మ, ముందు గదిలో మంచం మీద గోడకు వీపు ఆనించుకునే.

"మళ్ళీనే అత్తా. నెమలికి మెడ వేసినా, తోక వేసేలోపల పాయె."

కొన్నాళ్ళుగా ఇదే వరస. గీస్తుండగా ఉన్నట్టుండి తెర నల్లబడుతుంది. ఊపిరి బిగబట్టినట్టు ఒక క్షణం ఆగి, ఫ్యాను గుర్రుమని, తనంతట తనే మళ్ళీ మొదటినుంచి లేచి కూర్చుంటుంది. అప్పటిదాకా గీసిందంతా గాలికి పోతుంది. పక్క వీధిలో లూములున్న నంజప్ప మొదటిసారిగా చీర మొత్తం అర్చనకే అప్పజెప్పాడు. ఇన్నాళ్ళూ ఎవరో గీసినదాన్ని ఆమె సరిదిద్దుతూ వచ్చింది. ఇది ఆమె సొంతం. ఆలస్యమైతే వేరేవాళ్ళను చూసుకుంటానని నంజప్ప మర్యాదగానే చెప్పి వెళ్ళాడు.

మరుసటి రోజు ఎస్పీ రోడ్డు నుంచి రియాజ్ వచ్చాడు. మదనపల్లె మనిషి, ఎస్పీ రోడ్డులో చిన్న కంప్యూటరు రిపేరు షాపు పెట్టుకున్నాడు. కంప్యూటరు పెట్టె మూత విప్పి చూసి నవ్వాడు.

"ఈ దుమ్ముతో పరుపు కుట్టొచ్చు అక్కా. వేడెక్కి ఆగిపోతాంది, అంతే."

దుమ్మంతా ఊది, ఫ్యాను తుడిచి, ప్రాసెసరు మీద కొత్త పేస్టు రాశాడు. కాఫీ తాగి వెళ్ళాడు. అతను సందు మలుపు తిరిగాడో లేదో తెర నల్లబడింది.

రెండోసారి వచ్చి ర్యాము ముక్క బయటికి తీసి, దాని బంగారు పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్ది పెట్టాడు. ఇంకోసారి పవర్ సప్లై మార్చాడు. ఆ తర్వాత యూపీఎస్ మార్చాడు. చివరికి పెట్టెనే ఆటోలో షాపుకు తీసుకుపోయి పగలంతా నడిపించాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంటికి తెచ్చి తగిలించిన కాసేపటికే ఆగింది.

రియాజ్ పీట మీద కూర్చుని తల గోక్కున్నాడు. "షాపులో బుద్ధిమంతుడు, ఇంట్లో రౌడీ. మిషన్‌లో ఏమీ లేదక్కా. ఇంట్లోనే ఏదో ఉండాది."

ఆ మాట అనేసి, ముందు గది వైపు చూసి చప్పున కళ్ళు దించుకున్నాడు. అర్చన కూడా అటే చూసింది. సావిత్రమ్మ ఒళ్ళో చేటలో బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపింది.

"నేను గౌరీ ఇంట్లో కాసేపు కూర్చుంటానప్పా. నువ్వు చూడు," అని లేచి వెళ్ళింది.

ఆమె అవతల ఉన్నంతసేపూ కంప్యూటరు ఆగలేదు. అర్చన నెమలికి తోక వేసింది, ఈకలకు కళ్ళు దిద్దింది. సావిత్రమ్మ తిరిగొచ్చి తన మంచం మీద గోడకు ఆనుకుని కూర్చోగానే తెర నల్లబడింది. రియాజ్ స్క్రూడ్రైవరు సంచిలో పెట్టుకున్నాడు.

సాయంత్రం యశ్వంత్ వచ్చేసరికి సావిత్రమ్మ కూతురింటికి పోవడానికి చీరలు సర్దుకుని ఉంది.

"వనజ ఎన్నాళ్ళుగానో రమ్మంటా ఉండాదప్పా. నాలుగు దినాలు హూడిలో ఉండి వస్తా," అంది కొడుకుతో. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే అర్చనకు కష్టమైంది. పోవద్దు అత్తా అనాలని నోటిదాకా వచ్చింది. నంజప్ప ముఖం గుర్తొచ్చి, "చీర అయిపోతూనే నేనే వచ్చి పిలుచుకొస్తా," అని మాత్రం అంది.

ఆ తర్వాత కంప్యూటరు మాట విన్నది. అర్చన పగలంతా గీసింది. అంచు పూర్తయింది, కొంగులో సగం అయింది. మధ్యమధ్యలో అలవాటుగా ముందు గది వైపు ఏదో చెప్పబోయి, ఖాళీ మంచం చూసి ఆగిపోయేది. వంటింట్లో గ్రైండరు ముట్టుకుంటే వేలికి చీమ కుట్టినట్టయింది. పనిలో పడి మరిచిపోయింది. తర్వాత వెనక వాకిట్లో కొళాయి దగ్గరా అలాగే అయింది. తడిచెయ్యి కదా అనుకుంది.

హూడిలో కూతురు వనజ ఫ్లాటు ఆరో అంతస్తులో ఉంది. సావిత్రమ్మ బాల్కనీలో కూర్చుని కింద క్యాబుల వరస చూసేది. ఒక మధ్యాహ్నం స్నానాల గదిలో బల్బు పోయింది. వనజ దాన్ని విప్పి తల్లికిచ్చింది. సావిత్రమ్మ అరచేతిలో పెట్టుకుంది. వెలగలేదు. వనజ కొత్త బల్బు తెచ్చిచ్చింది. అదీ వెలగలేదు.

"ఫోను ఇటు ఇయ్యి," అంది సావిత్రమ్మ.

ఫోను ఆమె చేతిలో చావలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆమె ఫోను చెవికి ఆనించుకుంది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మగ్గం సద్దు పోయాక ఇల్లు బోసిగా ఉందని మంచాన్ని నడిమింటి గోడ వారకు జరిపించుకున్నది ఆ వానల్లోనే. చేతిలోకి కరెంటు వచ్చిందీ అప్పుడే. ఆమె వేళ్ళు చూసుకుంటూ కూతురితో అంది.

"వనజా, ఈ కరెంటు నాది కాదే. ఆ గోడది. నేను ఆనుకుని కూర్చుంటా ఉంటి కాబట్టి నాలోకి దిగింది. ఇప్పుడు నేను అక్కడ లేను. మరి అది యాడికి పోతా ఉండాది?"

వనజ వదిన అర్చనకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఫ్యాక్టరీ లోపలికి ఫోను పట్టుకుపోనియ్యరు కాబట్టి యశ్వంత్ దొరకడు. గౌరమ్మ ఫోను ఎప్పుడూ పరుపు కిందే ఉంటుంది. సావిత్రమ్మ చెప్పులు వేసుకుంది. ఇద్దరూ మెట్రో ఎక్కారు. దారి పొడుగునా వనజ ఫోను చేస్తూనే ఉంది. సావిత్రమ్మ మాత్రం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూస్తూ కూర్చుంది.

ఆ మధ్యాహ్నం కబ్బన్‌పేటలో అర్చన ఎవరి ఫోనూ తీయకుండా కొంగు గీస్తూ కూర్చుంది; వాళ్ళు మెట్రో దిగే వేళకు కంప్యూటరు మళ్ళీ ఆగింది. అంతకు ముందెప్పుడూ లేనట్టు, లేస్తూనే పడిపోయింది, పడుతూనే లేచింది. అర్చన భయపడి రియాజ్‌ను రమ్మని చెప్పి, ఫోను ఛార్జింగుకు పెట్టి, ముఖం కడుక్కుందామని వెనక వాకిట్లోకి వెళ్ళింది. నేల తడిగా ఉంది. కొళాయి తిప్పబోయిన చెయ్యి కొళాయిని పట్టుకుని ఇక వదల్లేదు. అరుద్దామంటే గొంతు లేదు. నడిమింట్లో ఫోను మోగడం ఆమెకు వినిపిస్తోంది, ఎక్కడో దూరంగా.

సావిత్రమ్మ తలుపు తోసుకుని వచ్చింది. వనజ వెనకనుంచి అమ్మా అంటూ పట్టుకోబోయింది గానీ ఆమె అప్పటికే వెనక వాకిట్లోకి దిగింది. కోడలి పక్కన నిలబడి, కుడిచేత్తో ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుంది. దారి తప్పిన దూడతో మాట్లాడినట్టు ఆ కరెంటుతో నిమ్మళంగా అంది.

"ఇట్లా రా. దాని జోలికి పోవద్దు. నీకు తెలిసిన చెయ్యి ఇది, ఇట్లా రా."

సందులో ఆర్పేసిన ట్యూబులైట్లన్నీ పట్టపగలు వెలిగాయి. పక్క వీధిలో నంజప్ప లూములు స్విచ్చు వేయకుండానే టకటకమని కొంచెం గుడ్డ నేసి ఆగాయి. అర్చన చెయ్యి కొళాయిని వదిలింది. వనజ పరిగెత్తి మెయిను దించేసింది. అత్తాకోడళ్ళిద్దరూ తడినేల మీదే కూలబడ్డారు.

"వచ్చినావా అత్తా," అంది అర్చన.

"వస్తి," అంది సావిత్రమ్మ.

రియాజ్ వచ్చి సంగతి విని, సంచి కూడా దించకుండా ఎలక్ట్రీషియన్ నాగరాజును పిలుచుకొచ్చాడు. ఇద్దరూ మంచం జరిపి గోడ పగలగొట్టారు. వాననీళ్ళు ఇంకి ఇంకి లోపల వైరు కుళ్ళిపోయి ఉంది. అతుకు దగ్గర నల్లగా కాలింది. ఎర్తు వైరు ఎప్పుడో తెగిపోయింది. దాని కరెంటు గోడలో నానుతూ ఇన్నేళ్ళూ ఎవరి ఒంట్లోకి దిగిందో రియాజ్‌కు అర్థమైంది. ఆమె గోడకు ఆనుకున్నప్పుడల్లా అతుకు ఊగింది, కంప్యూటరు తూలింది.

అతను సావిత్రమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "తప్పు నాదే అవ్వా. మిషన్‌ను చూసినా, మిమ్మల్ని చూసినా. గోడను చూడకపోతిని. మిమ్మల్ని ఇల్లు దాటించినా."

"నువ్వు దాటించకపోతే నాకు తెలిసేది యాడప్పా? నేను కన్ను మూసినాక పిల్ల ఒక్కతే దీనికి చిక్కుకునేది," అంది ఆమె. ఎడమచేత్తో అతని తల నిమిరింది.

కుడిచెయ్యి లేవలేదు. నరాలు తేరుకోవడానికి చాలా కాలం పడుతుందని, అసలు తేరుకోకపోవచ్చునని డాక్టరు చెప్పాడు. అర్చనకు మాత్రం మణికట్టు చుట్టూ గాజులాగా ఒక ఎర్రటి చార మిగిలి, అదీ వారంలో మాసిపోయింది.

కొత్త వైర్లు వేశాక అర్చన కొంగు పూర్తి చేసింది. గీస్తున్నంతసేపూ సావిత్రమ్మ పక్కనే కుర్చీ వేసుకుని, మగ్గం ఉన్న రోజుల్లో భర్త పక్కన కూర్చున్నట్టే కూర్చుని, ఈ ఈకకు పచ్చ వద్దు, వంకాయ రంగు వెయ్యి అని చెబుతూ ఉంది. నంజప్ప చూసి, వచ్చే పండగ చీరలు కూడా నువ్వే గియ్యాలమ్మా అని వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం సావిత్రమ్మ ఎడమచేత్తో ముద్ద తుంచబోయి, పులుసు పైట మీద పోసుకుంది. తడబడి, ఎవరైనా చూశారేమోనని తలెత్తింది. అర్చన చూసింది. లేచి చెయ్యి కడుక్కుని వచ్చి పక్కన కూర్చుంది. రాగిముద్దలో చిన్న తునక తుంచి, ఉడుకు పులుసులో అద్ది, ఊది, అత్త నోటి దగ్గర పెట్టింది.

సావిత్రమ్మ వద్దనలేదు. మింగి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"కారమైందా అత్తా?"

"లేదమ్మా. మా అమ్మ పోయినాక నాకు ఎవురూ తినిపించలేదు."

అర్చన ఇంకో తునక తుంచింది.