కళాయి పోయిన గిన్నె

నేను ఒక ఇత్తడి గిన్నెను. దేవుడి గూట్లో దీపపు కుంది పక్కన ఉంటాను. చింతపండుతో తోమితే బంగారంలా మెరుస్తాను. నన్ను చూసినవాళ్లంతా ఆ మెరుపునే మెచ్చుకుంటారు గాని, లోపలికి తొంగి చూసేవాళ్లు తక్కువ. అలా చూడకపోవడం వల్లే ఆమధ్య ఒక ఏకాదశినాడు ఒక పసిపిల్ల నోటిదాకా కీడు వచ్చింది.

నేను పుట్టింది అజ్జరంలో, కంచరి సుత్తి దెబ్బల కింద. మాణిక్యాంబగారి అత్తగారు నన్ను కొని కాకినాడ తెచ్చుకున్నారు. అప్పట్లో నా లోపలంతా తెల్లటి కళాయి పూత. ఇత్తడికీ పులుపుకీ పడదు కాబట్టి మధ్యలో ఆ తగరపు పూత అడ్డుగోడలా ఉండాలి. అది ఉన్నన్నాళ్లు నాలో పప్పుపులుసులు కాగాయి, చారు పొంగింది. పూత అరిగినప్పుడల్లా కళాయివాడు వీధిలో కొలిమి పెట్టుకుని మళ్లీ పూసి ఇచ్చేవాడు. తరువాత స్టీలు వచ్చింది. కళాయివాడు రావడం మానేశాడు. నా పూత పోయింది.

మాణిక్యాంబగారు నన్ను పాత సామానుకు వేయలేదు. దేవుడి గూట్లో పెట్టి బెల్లం ముక్క, అరటిపండు, నానబెట్టిన పెసరపప్పు నాలోనే నివేదన చేసేవారు. కొత్తకోడలు ప్రత్యూష కాపురానికి వచ్చినప్పుడు, "ఆ గిన్నె మాత్రం వంటకి వాడకు" అన్నారు. ఎందుకో చెప్పలేదు. ప్రత్యూష అడగలేదు, మడి కాబోలు అనుకుని ఊరుకుంది. పెద్దవాళ్లకు చెప్పేంత ఓపికా, చిన్నవాళ్లకు అడిగేంత ఆసక్తీ ఒకే రోజున కుదరడం నేను చాలా అరుదుగా చూశాను.

ప్రత్యూష మంచి పిల్ల. అన్నం పారేయడం ఆమెకు నిజంగా పాపంలా తోస్తుంది. మిగిలిన అన్నంతో వడియాలు పెట్టేది, ఆనపకాయ తొక్కతో పచ్చడి చేసేది. వాటిని ఫోన్‌లో తీసి 'వృథా లేని వంటిల్లు' అనే పేజీలో పెట్టేది. ఈ ఏడాది మొదట్లో అందరి ముందూ మాట కూడా ఇచ్చింది, తన ఇంట ఒక్క మెతుకు కూడా పారేయనని. కింద జనం రాసేవి కూతురు ధాత్రికి చదివి వినిపిస్తుంటే నేనూ వినేదాన్ని. "మా అమ్మమ్మ గుర్తొచ్చింది" అని ఒకరు. "సేవ్ చేసుకున్నాను" అని వందమంది. అన్నం దాచేవాళ్లకంటే వీడియో దాచేవాళ్లే ఎక్కువమంది అనిపించేది నాకు. ఒకావిడ రాసింది: "స్టీలు గిన్నెలో ఫీల్ రావట్లేదండీ, ఇత్తడిలో చూపించండి."

అలా నన్ను గూట్లోంచి దింపారు.

ఒక రాత్రి, అత్తగారు పడుకున్నాక, బీరకాయ పొట్టు పచ్చడి. చింతపండు కాస్త ఎక్కువే పడింది. వీడియో బాగా వచ్చింది. పచ్చడి ఇంకో గిన్నెలోకి తీస్తే అది కడగడానికి నీళ్లు వృథా అని, మూత పెట్టి నాలోనే ఉంచేసింది. మర్నాటికి నా ఒళ్లు ఊరుకోలేదు. అడుగున చిలుము కట్టడం నాకు తెలుస్తూనే ఉంది. బీరపొట్టూ పచ్చనే, చిలుమూ పచ్చనే. ఎవరికి కనబడుతుంది?

తెల్లారేసరికి ఎవరో రాశారు: "ఇవన్నీ కెమెరా కోసం. ఆపగానే చెత్తబుట్టలోకే." ఆ మాటకు వీడియోకు వచ్చినదానికంటే ఎక్కువ మెప్పు వచ్చింది. ప్రత్యూషకు ఉక్రోషం ముంచుకొచ్చింది. "లైవ్‌లోనే తిని చూపిస్తాను. రా ధాత్రీ!" అంది.

మధ్యాహ్నం హాల్లో ఫోను నిలబెట్టి, లైటు పెట్టి, కంచంలో వేడన్నం వడ్డించింది. మూత తీసింది. పచ్చడి ఘుమఘుమలాడింది. వాసనకు నిజం తెలియదు.

అది ఏకాదశి. మాణిక్యాంబగారికి ఏకాదశినాడు స్నానం అయింది మొదలు సాయంత్రం దీపం పెట్టేదాకా మౌనం. ఎన్నో ఏళ్ల వ్రతం, జ్వరంలోనూ తప్పలేదు. జపం ముగించి గూటి వైపు చూశారు. నేను లేను. చేతికర్ర పట్టుకుని హాలు గుమ్మం దాకా వచ్చి, నన్నూ నాలో ఉన్నదాన్నీ చూశారు.

నా వైపు వేలు చూపి, వద్దు వద్దని చెయ్యి ఊపారు.

"తెలుసత్తయ్యా, దేవుడి గిన్నె. తోమి పెట్టేస్తాను. ఒక్క ఐదు నిమిషాలు," అంది ప్రత్యూష, ఫోను వైపు నవ్వుతూ.

ధాత్రి తెర మీద మాటలు గట్టిగా చదువుతోంది. "'అత్తగారి ఎంట్రీ అదిరింది!' అమ్మా, నీ గురించి కాదు, మామ్మ గురించి. 'దేవుడి గిన్నెలో తొక్కలా, సిగ్గు లేదా!' 'అమ్మా, గిన్నెకి కళాయి ఉందా?' 'అంకుల్, గిన్నె సంగతి ఎందుకు, రెసిపీ అడగండి...'"

అడగవలసిన ప్రశ్న వచ్చింది, పైకి జరిగింది, పోయింది. దాని మీద హృదయం గుర్తులు వానలా కురిశాయి.

మాణిక్యాంబగారు కర్రతో నేలను గట్టిగా కొట్టారు. ప్రత్యూష అది కోపం అనుకుంది. ముద్ద కలిపింది. ధాత్రి చదవడం ఆపి నోరు తెరిచింది. నాకు నోరు లేదు. ఆవిడకు ఉంది, కాని వ్రతం అడ్డు. ముద్దకూ నోటికీ మధ్య జానెడు దూరం.

"పెట్టకే! చిలుము!"

ఉదయం నుంచి మూసుకున్న గొంతు, బొంగురుగా పగిలింది. ప్రత్యూష చెయ్యి ఆగిపోయింది.

"మామ్మా! మాట్లాడేశావ్!" అంది ధాత్రి భయంగా, దేవుడి గది వైపు చూస్తూ.

మాణిక్యాంబగారు వచ్చి గరిటెతో పచ్చడి పక్కకు జరిపారు. నా అడుగు బయటపడింది. నీలం కలిసిన పచ్చదనం, తడిగా. "కళాయి పోయిన గిన్నె తల్లీ. పులుపు తగిలితే విషం కక్కుతుంది. పసిది తట్టుకోలేదు."

"ముందే చెప్పలేదేం అత్తయ్యా?" ప్రత్యూష ముద్దను కంచంలో వదిలేసింది.

"నువ్వడగలేదు," అన్నారావిడ. మళ్లీ తనే, "నేనూ చెప్పలేదులే."

లైవ్ నడుస్తూనే ఉంది. "చూశారా, పారేస్తోంది! చెప్పానా!" అని ఎవరో సంబరపడుతున్నారు. ప్రత్యూష ముద్దనూ పచ్చడినీ కాగితంలో చుట్టి, అందరూ చూస్తుండగానే చెత్తబుట్టలో వేసింది. ఫోను దగ్గరకు వచ్చి, "అవును, పారేశాను. దీనికి కళాయి లేదు. నాకు తెలియక నిన్న మీకు చూపించాను. నన్ను చూసి ఇత్తడిలో పులుపు పెట్టినవాళ్లుంటే దయచేసి మీరూ పారేయండి," అంది. ఆ తరువాత ముందురోజు వీడియో తీసేసింది. ఆ పేజీలో ఎక్కువమంది చూసింది అదే.

ఒకే పూట ఆ ఇంట్లో రెండు వ్రతాలు చెడ్డాయి.

సాయంత్రం నన్ను తోమి గూట్లో పెట్టారు. మాణిక్యాంబగారు దీపం వెలిగించి దేవుడికి చేతులు జోడించారు. "నోరిచ్చింది నువ్వే కదా," అని మెల్లగా అన్నారు. అది క్షమాపణో, ప్రశ్నో నాకు తెలియలేదు.

తరువాతి ఏకాదశి తెల్లవారగానే, స్నానానికి ముందు, ఆవిడ వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నారు. "ప్రత్యూషా, నేను నోరు మూసుకునేలోపు అడగాల్సినవుంటే అడిగెయ్యి."

ప్రత్యూష అడిగింది. రాగి చెంబులో మజ్జిగ ఎందుకు పోయకూడదు? ఊరగాయలో తడి గరిటె ఎందుకు పెట్టకూడదు? ఒకదానికి ఆవిడ, "అది మాత్రం నాకూ తెలీదే, మా అత్తగారన్నారు," అని నవ్వేశారు. ఆ ప్రశ్నలు అయ్యేసరికి బారెడు పొద్దెక్కింది. మౌనం ఆలస్యంగా మొదలైంది.

దేవుడు ఏమీ అనలేదు. ఆయన పక్కనే ఉంటాను కదా, ఆ మౌనం నాకు అలవాటే. ఆ పూట మాత్రం అది నవ్వులా అనిపించింది.