మాస్టరు నిద్ర పుస్తకం

కటింగు మాస్టరు నిచ్చెన మీంచి పడి ఎనిమిది నెలలైంది. షాపు అటక మీది బట్టల తాను దింపబోయి, అది చేతిలో ఉండగానే తలకిందులుగా నేల మీద పడ్డాడు. తల మీది కుట్లు మానాయి, జుట్టు మొలిచింది. చూడవచ్చిన చుట్టాలందరూ గండం గడిచిందని చేతులు దులుపుకుని వెళ్లిపోయారు. గండం గడిచిన మాట నిజమే. నిద్ర మాత్రం ఆ నిచ్చెన దగ్గరే ఉండిపోయింది.

రాత్రంతా గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. పగలేమో చెయ్యి కంచంలో ఉండగానే తూలిపోయేవాడు. పడుకున్నావా లేదా అని పొద్దున అడిగితే అతనికే గుర్తుండేది కాదు. అందుకని డాక్టరమ్మ ఒక చిన్న పుస్తకం అతని భార్య చేతిలో పెట్టింది.

"ఎప్పుడు పడుకున్నాడు, ఎన్నిసార్లు లేచాడు, అన్నీ ఉన్నదున్నట్టు రాయమ్మా. దీన్ని చూసే నేను మందు ఇవ్వాలి."

మొదటి వారం ఉన్నదున్నట్టే రాసింది. రెండో వారం షాపు ఓనరు కబురు పంపాడు. బాగైందని డాక్టరు కాగితం రాసిస్తేనే మాస్టరుకి మళ్లీ పనిట, లేకపోతే కొత్త మనిషిని చూసుకుంటాడట. ఇరవయ్యేళ్లుగా కత్తెర తప్ప ఇంకోటి ఎరగని మనిషాయె. మర్నాడు పొద్దున 'ఏడు గంటలు, ఒక్కసారి కూడా లేవలేదు' అని రాసింది. ఆ మర్నాడూ అదే. పెళ్లయిన పదహారేళ్లలో ఆవిడ మొగుడితో ఆడిన అతి పెద్ద అబద్ధం, తన అక్క కట్టుకున్న చీర తనకు నచ్చలేదన్నదే. అలాంటి మనిషికి రోజుకో అబద్ధం అలవాటైపోయింది.

డాక్టరమ్మ పుస్తకం తిరగేసి సంతోషించింది. వాడుతున్న మాత్ర కూడా ఆపేసి కాగితం రాసిచ్చింది.

ఆ పుస్తకాన్ని మాస్టరు కూడా చదువుతున్నాడని ఆవిడకు తెలియదు. తన బుర్ర మీద తనకే నమ్మకం పోయిన మనిషి, రోజూ భార్య రాసింది చూసుకుని రాత్రి తానెలా పడుకున్నాడో తెలుసుకునేవాడు.

మళ్లీ పనిలో చేరి నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం వేళ కాని వేళలో ఇంటికొచ్చాడు. మెత్తటి గుడ్డలో చుట్టిన కత్తెరను, కాజాలు కుడుతున్న భార్య పక్కన పెట్టాడు.

"ఇదేంటండీ, ఇప్పుడొచ్చారు?"

"మానేశాను. కోస్తూ కోస్తూ నిలబడే నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి నలభై చొక్కాల గుడ్డ అడ్డంగా కోసేసి ఉంది. ఓనరు ఏమీ అనలేదు. నా వల్ల కాదని నేనే చెప్పేశాను."

"ఒంట్లో బాగోక కదండీ..."

"ఒంటికేం, దుక్కలా ఉన్నాను. రాత్రి ఏడు గంటలు పడుకున్నాను, నువ్వే రాశావుగా. అంత పడుకుని కూడా పనిలో తూగుతున్నానంటే ఒట్టి బద్ధకం. మా నాన్న ఉంటే చెప్పు తీసేవాడు."

ఆవిడ సూది గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

"మీరు పడుకోలేదండీ."

"ఎప్పుడు?"

"ఏ రోజూ. రాత్రిళ్లు మీరు కూర్చునే ఉంటారు, నేను పక్కనే మెలకువగా ఉంటాను. ఆ కాగితం కోసం అబద్ధం రాశాను."

తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. మాస్టరు ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసి, ఎనిమిది నెలల్లో మొదటిసారి నవ్వాడు.

"అయితే నేను బద్ధకస్తుణ్ణి కాదన్నమాట."

ఆ నవ్వు చూశాక ఆవిడకు అర్థమైంది. దెబ్బ అతని నిద్ర ఒక్కటే తీసుకుపోయింది. మిగిలిన ఆ కాస్త ధైర్యాన్నీ తీసింది తనే. పుస్తకం తెచ్చి కొత్త పేజీ తిప్పింది.

"ఈసారి మీరు చూస్తుండగానే రాస్తాను. సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం."

తలెత్తి చూస్తే, మాస్టరు గోడకు జారగిలబడి నిద్రపోతున్నాడు, మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. ఆవిడ గడియారం చూసి, కళ్లు తుడుచుకుని, 'మధ్యాహ్నం రెండుంపావు. కూర్చునే నిద్రపోయారు' అని ఉన్నదున్నట్టు రాసింది.